నాన్న కంటే ఒక రోజు పెద్ద

మా నాన్న బతికింది
నలభై తొమ్మిదేళ్ల మూడు నెలల పదకొండు రోజులు.
ఇవాళ్టితో నేను ఆయన కంటే పెద్దవాణ్ణి.

పొద్దున్నే లేచి అద్దంలో చూసుకున్నా.
ఏమీ మారలేదు.
గడ్డం గీసుకుంటుంటే చెవి కింద తెగింది.
రక్తం ఎప్పట్లాగే ఎర్రగా ఉంది.

వేల్స్‌లో మా కొండ కడుపు నిండా పలకే.
ముత్తాత ఎలిస్ దాన్ని చీల్చాడు,
తాత గిటిన్ చీల్చాడు, నాన్న ఎమ్రిస్ చీల్చాడు.
ఉలి ఆనించి చిన్న దెబ్బ వేస్తే
పుస్తకం తెరుచుకున్నట్టు విడిపోయేదట.
ఎక్కడెక్కడి ఇళ్లకో కప్పులై వెళ్లిపోయింది పలక.
దాని పిండి మాత్రం ఊరు దాటలేదు,
మా వాళ్ల ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది.

ముప్పై ఆరు. నలభై మూడు. నలభై తొమ్మిది.
తరానికో ఆరేడేళ్లు కలిసొస్తున్నాయని
చిన్నాన్న పబ్బులో వేళ్లు మడిచి లెక్క వేసేవాడు:
"నీ కొడుకు నాటికి అరవై దాటేస్తాం రా ఇద్వాల్!"
ఆయనకి నలభై ఆరుకే నూకలు చెల్లాయి.
నాకు కొడుకూ పుట్టలేదు, పుట్టింది నెస్ట్.

ఆడవాళ్ల సంగతి వేరు.
మా ఇంట్లో వాళ్లు చావడం మరిచిపోతారు.
ముత్తవ్వ తొంభై మూడు.
నాయనమ్మ మోర్విథ్ తొంభై ఏడు,
ఆఖరి శీతాకాలం కూడా బొగ్గుల బకెట్ తనే మోసుకుంది.
అమ్మకి ఎనభై రెండు, నా మీద ఇంకా అరవగలదు.

చర్చి వెనక సమాధి రాళ్లూ ఆ పలకవే.
పైన మొగుడి పేరు చెక్కి
కింద పెళ్లానికి చోటు వదిలేస్తారు.
ముత్తవ్వ చోటు అరవై ఏళ్లు ఖాళీగా ఉంది.
ఆదివారం ఆదివారం వెళ్లి
ఇంకా తన పేరు ఎక్కని ఆ సగం పలకని
చేతిగుడ్డతో తుడిచొచ్చేది,
లెక్క రాని పిల్ల బళ్లో తుడిచినట్టు.
మొగుడి పేరు చెక్కిన మేస్త్రీ పోయాడు,
మేస్త్రీ కొడుకూ పోయాడు,
ఆమె అక్షరాలు చెక్కింది మనవడు.
పై పేరుకీ కింది పేరుకీ చేతిరాత కలవదు.

నేను బస్సు నడుపుతాను.
క్వారీలో ఒక్క రోజూ పని చెయ్యలేదు,
నాకు మీసాలొచ్చేసరికే మూసేశారు.
డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుగుకి ఎత్తి చూపించింది,
కడిగి బోర్లించిన సీసాల్లా ఉన్నాయి రెండూ.
అయినా నమ్మకం ఎక్కడ!
నలభై దాటాక ఎక్కువ కాలం మన్నేది ఏదీ కొనలేదు.
బూట్లు చవకవి, వానకోటు చవకది.
పెరట్లో బంగాళాదుంపలే తప్ప
చెట్టన్నది నాటలేదు.
"ఈ ఇంట్లో నువ్వు అద్దెకుంటున్నావా?" అని
నా భార్య ఒకసారి విసుక్కుంది.

ఇవాళ ఆఖరి ట్రిప్పు అయ్యాక
ఊరి చివర ఇంజను ఆపి కాసేపు కూర్చున్నా.
ఇప్పటిదాకా ప్రతి వయసులోనూ నాకు ముందొక మనిషి ఉన్నాడు.
ముప్పై రెండులో దవడ పన్ను పోయింది, నలభైలో కళ్లజోడు,
నలభై నాలుగులో మోకాలు.
ఆయన దిగిన స్టాపులన్నీ వరసగా నాకూ వచ్చాయి.
ఇక మీద బోర్డు లేని దారి.
వాన మొదలైంది. వైపరు వెయ్యలేదు.

ఇంటికెళ్తే అమ్మ తలుపు తీసింది,
పక్కకి మాత్రం తప్పుకోలేదు.
గడప దీపం కింద నన్నే చూస్తూ ఉండిపోయింది,
నెరిసిన చెంపలు, కళ్ల కింద సంచులు,
ఒక్కోటీ తడుముతున్నట్టు.
"చలేస్తోందమ్మా" అన్నాను.
"ఉండరా" అంది.
"ఈ వయసు వచ్చుంటే మీ నాన్న ఎట్లా ఉండేవాడో
నాకు మాత్రం ఏం తెలుసు?"

చెవి కింద గాటు మీద వేలు పెట్టింది.

"ఇట్లా ఉండేవాడన్నమాట.
ఆయనకీ చేతనయ్యేది కాదు,
గడ్డం సరిగ్గా గీసుకోవడం."